ఎక్స్‌రేలో రోగికి పడే డోసును మీ సెంటర్‌లోనే కొలవడం ఎలా?

"సార్, మా యంత్రానికి డీఏపీ మీటరు లేదు. రోగి అడిగితే డోసు ఎంతని చెప్పాలి?" ఈ ప్రశ్న నాకు నెలకు నాలుగైదు సార్లు వస్తుంది. డోసంటే రోగికి పడే కిరణాల మోతాదు, డీఏపీ మీటరు దాన్ని కొలిచి చూపించే పరికరం. అడిగేది ఎక్కువగా దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మెహదీపట్నం వైపు ఒక్క ఎక్స్‌రే యంత్రంతో నడిచే సెంటర్ల టెక్నీషియన్లు. పెద్ద ఆసుపత్రుల వాళ్ల ప్రశ్న వేరు: "యంత్రం ఏదో అంకె చూపిస్తోంది, దాన్ని నమ్మవచ్చా?" ఇద్దరికీ ఫోనులో విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి ఒకేచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. డీఏపీ మీటరు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. నేను చూసిన తప్పుడు లెక్కల్లో ఎక్కువ భాగం దూరం సరిగ్గా కొలవకపోవడం వల్ల వచ్చినవే. రెండు వందల రూపాయల స్టీలు టేపు, గీతలు గీసిన ఒక నోటుపుస్తకం, సగం రోజుకు అరువు తెచ్చుకున్న డోసు మీటరు ఉంటే మామూలు ఎక్స్‌రే పరీక్షలన్నిటికీ లెక్క తేలుతుంది.

ఇక్కడ చెప్పేది మామూలు ఎక్స్‌రేలకే. సీటీ, మామోగ్రఫీ, ఫ్లోరోస్కోపీల పద్ధతులు వేరు, వాటికి ఈ లెక్క వాడకండి.

ఏం కొలుస్తున్నాం?

రెండు అంకెలు తెలిస్తే చాలు. మొదటిది, కిరణం రోగి శరీరంలోకి దిగే చోట చర్మం మీద పడే డోసు. దీన్ని మిల్లీగ్రేలలో చెబుతాం. శరీరం లోపలి నుంచి వెనక్కి చెదిరి వచ్చే కిరణాలు కూడా ఇందులో కలిసి ఉంటాయి. రెండోది డీఏపీ, అంటే డోసును కిరణం పరుచుకున్న వైశాల్యంతో గుణిస్తే వచ్చేది. కాలిమేటరు (కిరణం పరుచుకునే మేరను కుదించే భాగం) తలుపులు బార్లా తెరిచి తీసే అలవాటు ఉంటే మొదటి అంకెలో పెద్దగా తేడా కనిపించదు, రెండోది మాత్రం పట్టించేస్తుంది.

ఒళ్లంతటికీ అన్వయించే మిల్లీసీవర్ట్ మూడోది. దాని జోలికి చివర్లో వెళ్దాం, అదీ జాగ్రత్తగా.

కావలసినవి

- క్యాలిబ్రేషన్ గడువు దాటని డోసు మీటరు. కొననక్కర్లేదు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధన ప్రకారం రెండేళ్లకోసారి మీ యంత్రానికి క్యూఏ (నాణ్యత పరీక్ష) చేయించాలి కదా, ఆ పరీక్షకు వచ్చే మనిషి దగ్గర మీటరు ఉంటుంది. ఆ రోజు ఇంకో అరగంట ఉండమని ముందే మాట్లాడుకోండి.
- స్టీలు టేపు. గుడ్డ టేపు సాగుతుంది, వద్దు.
- రోగి మందం కొలిచే కొలబద్ద. చెప్పుల దుకాణంలో పాదం కొలిచే చెక్క సాధనం చూసే ఉంటారు. అదే కొంచెం పెద్దది అనుకోండి, వడ్రంగి గంటలో చేసిస్తాడు.
- బరువు తూచే యంత్రం, ఎత్తు కొలవడానికి గోడ మీద గీతలు.
- సీసపు రేకు. లేకపోతే పాత లెడ్ ఏప్రాన్ మడిచి పరచినా సరిపోతుంది.
- మీటరు గాలి అయనీకరణ చాంబర్ రకమైతే గదిలో థర్మామీటరు, గాలి ఒత్తిడి కొలిచే సాధనం.
- నోటుపుస్తకం లేదా కంప్యూటర్‌లో ఒక పట్టిక.

1. యంత్రం ఉత్పత్తిని కొలవండి

అసలు పని ఇదే. ఒకసారి సరిగ్గా చేస్తే ఏడాది పొడవునా ఉపయోగపడుతుంది. ఒక ఎంఏఎస్‌కు (ట్యూబు కరెంటు మిల్లీఆంపియర్లను సెకన్లతో గుణిస్తే వచ్చేది), 100 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కో కేవీ (ట్యూబు వోల్టేజీ) దగ్గర ఎన్ని మిల్లీగ్రేలు వస్తున్నాయో తెలియాలి.

టేబుల్ మీద సీసపు రేకు పరచి, దాని మీద డోసు మీటరు డిటెక్టరు పెట్టండి. ట్యూబు ఫోకస్ (కిరణాలు పుట్టే చోటు) నుంచి డిటెక్టరు వరకు 100 సెంటీమీటర్లు ఉండాలి. ఫోకస్ ఎక్కడుందో ట్యూబు కవచం మీద చిన్న చుక్కగానో గీతగానో గుర్తు ఉంటుంది, అక్కడి నుంచి కొలవండి. కాలిమేటరు కింది అంచు నుంచి కాదు. కాలిమేటరు వెలుగును డిటెక్టరు చుట్టూ 10×10 సెంటీమీటర్లకు కుదించి, డిటెక్టరును సరిగ్గా మధ్యలో ఉంచండి. ట్యూబు ఆనోడ్ వైపు కిరణం పలుచన, క్యాథోడ్ వైపు చిక్కన. పక్కకు జరిగితే అంకె మారిపోతుంది.

ట్యూబును రెండు మూడు చిన్న ఎక్స్‌పోజర్లతో వేడెక్కించి, 20 ఎంఏఎస్ దగ్గర కేవీని 50 నుంచి 10 చొప్పున పెంచుతూ 120 వరకు వెళ్లండి. ప్రతి చోటా మూడు సార్లు కొట్టి సగటు రాసుకోండి. ఎక్స్‌పోజరుకు ఎక్స్‌పోజరుకు మధ్య ట్యూబుకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వండి. హడావిడిలో వరసగా ముప్పై కొట్టి ట్యూబు పాడుచేసుకుంటే ఆ ఖర్చు ముందు ఈ లెక్కలన్నీ వెలవెలబోతాయి.

హెచ్చరిక: డిటెక్టరును ఎవరూ చేత్తో పట్టుకోకూడదు. కదులుతుంటే టేపు అంటించండి. ఎక్స్‌పోజరు సమయంలో అందరూ రక్షణ తెర వెనకే ఉండాలి. ఈ కొలతకు మనిషిని కిరణం కింద పడుకోబెట్టే ప్రసక్తే లేదు.

వచ్చిన రీడింగును 20తో భాగిస్తే ఒక ఎంఏఎస్‌కు ఉత్పత్తి వస్తుంది. పట్టిక సుమారుగా ఇలా ఉండవచ్చు: 60 కేవీ దగ్గర 0.035, 70 దగ్గర 0.048, 80 దగ్గర 0.062 మిల్లీగ్రేలు. ఇవి కేవలం ఉదాహరణలు. మీ యంత్రం అంకెలే మీవి, పక్క సెంటర్ పట్టికను అప్పు తెచ్చుకోకండి.

పట్టిక సరిగ్గా ఉందో లేదో వెంటనే తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. ఉత్పత్తి దాదాపుగా కేవీ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. పై ఉదాహరణలో 60 నుంచి 80కి వెళ్తే కేవీల నిష్పత్తి 1.33, దాని వర్గం 1.78. 0.035ను 1.78తో గుణిస్తే 0.062. సరిపోయింది. ఏదో ఒక కేవీ దగ్గర అంకె ఈ వరుస తప్పి ఎగిరిపడితే ఆ రీడింగు మళ్లీ తీయండి. మళ్లీ అలాగే వస్తే కేవీ సెట్టింగే తప్పయి ఉండవచ్చు, క్యూఏ మనిషిని అక్కడే ఆపి చూపించండి.

ఇంకొకటి. ఛాతీ ఎక్స్‌రే 4, 5 ఎంఏఎస్‌తో తీస్తారు కదా. అంత తక్కువ దగ్గర కొన్ని పాత యంత్రాలు చెప్పినంత ఇవ్వవు, లేదా ఎక్కువ ఇస్తాయి. అందుకని 80 కేవీ దగ్గర 4, 10, 20, 40 ఎంఏఎస్‌లలో కూడా ఒక్కో రీడింగు తీసి, ఎంఏఎస్‌కు వచ్చే ఉత్పత్తి అన్నిచోట్లా ఇంచుమించు ఒకటిగా ఉందో లేదో చూడండి. ఒకటిగా లేకపోతే తక్కువ ఎంఏఎస్ పరీక్షలకు అక్కడ కొలిచిన అంకెనే వాడండి.

2. గాలి ఒత్తిడి సవరణ: హైదరాబాద్ వాళ్లు తప్పక చదవాలి

మీ మీటరు సెమీకండక్టర్ రకమైతే ఈ భాగం దాటేయండి. గాలి చాంబర్ రకమైతే మాత్రం ఆగండి.

చాంబర్‌లో ఉన్న గాలి ఎంత పలచగా ఉంటే రీడింగు అంత తగ్గుతుంది. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో ఏ ఉష్ణోగ్రతకు, ఏ ఒత్తిడికి అంకె ఇచ్చారో రాసి ఉంటుంది. సాధారణంగా అది 20 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్, అంటే సముద్ర మట్టం ఒత్తిడి. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ అసలు ఒత్తిడి 950 హెక్టోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. 1013ను 950తో భాగిస్తే 1.066. గది 25 డిగ్రీలుంటే ఉష్ణోగ్రత సవరణ 298.2 భాగించు 293.2, అంటే 1.017. రెండూ గుణిస్తే 1.084. సవరణ మరిచిపోతే డోసు ఎనిమిది శాతం తక్కువ చూపిస్తుందన్నమాట.

తమాషా ఏమిటంటే, సవరణ చేయాలని తెలిసినవాళ్లు కూడా ఇక్కడే పడిపోతారు. ఫోనులో వాతావరణం యాప్ తెరిస్తే హైదరాబాద్ ఒత్తిడి 1010 అని కనిపిస్తుంది. అది సముద్ర మట్టానికి సర్ది చెప్పిన అంకె, మీ గదిలోది కాదు. దాన్ని వాడితే సవరణ చేసీ చేయనట్టే. కొన్ని ఫోన్లలో సొంత ఒత్తిడి సెన్సరు ఉంటుంది, అది చూపించే అంకె గదిలోదే. మీ ఫోను 945, 950 లాంటిది చూపిస్తే నమ్మండి, 1010 చూపిస్తే అనుమానించండి. కొన్ని మీటర్లు సవరణను తామే చేసుకుంటాయి. ముందు అది తెలుసుకోండి, రెండుసార్లు సవరిస్తే ఎనిమిది శాతం తప్పు ఇటు నుంచి అటు తిరుగుతుంది, అంతే.

3. టేబుల్‌కూ డిటెక్టరుకూ మధ్య ఖాళీ కొలిచి గోడ మీద రాసిపెట్టండి

టేబుల్ పైభాగం నుంచి కింద బక్కీలో (చిత్రం పట్టే అరలో) ఉండే క్యాసెట్టు లేదా డిజిటల్ డిటెక్టరు వరకు ఎంత లోతు ఉందో కొలవండి. ఇది యంత్రాన్ని బట్టి 5 నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఛాతీ స్టాండుకూ అలాగే. ఒకసారి కొలిస్తే మారదు. పెద్ద అక్షరాలతో రాసి కన్సోలు పక్కన అంటించండి.

అలాగే మీ యంత్రం చూపించే దూరం ఎక్కడి వరకో తేల్చుకోండి. కొన్ని టేబుల్ పైభాగం వరకు చూపిస్తాయి, కొన్ని బక్కీ వరకు. స్టీలు టేపుతో ఒకసారి కొలిస్తే గుట్టు బయటపడుతుంది.

4. రోగుల వివరాలు రాయండి

ఒక్కో పరీక్షకు కనీసం 20 మంది పెద్దవాళ్ల వివరాలు కావాలి. (పీఏ అంటే కిరణం వీపు వైపు నుంచి వెళ్లేది, ఏపీ ముందు నుంచి, లాటరల్ పక్క నుంచి.) ఛాతీ పీఏకు రెండు రోజుల్లో దొరుకుతారు, నడుముకు వారం పడుతుంది, పుర్రెకు నెల కూడా పట్టవచ్చు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి సగంలో వదిలేయకండి. ఛాతీ పీఏ, నడుము ఏపీ, నడుము లాటరల్, ఈ మూడింటితో మొదలుపెట్టండి.

పుస్తకంలో గడులు: తేదీ, పరీక్ష, వయసు, స్త్రీయా పురుషుడా, బరువు, ఎత్తు, కిరణం వెళ్లే దారిలో మందం, కేవీ, ఎంఏఎస్, ఫోకస్ నుంచి డిటెక్టరుకు దూరం, కాలిమేటరు వెడల్పు పొడవులు, గ్రిడ్డు (చెదిరిన కిరణాలను ఆపే జాలీ) ఉందా లేదా, రిపీట్ అయిందా. పేరు వద్దు. సెంటర్ రిజిస్టరు నంబరు చాలు.

ఆటోమేటిక్ ఎక్స్‌పోజరు కంట్రోల్ ఉన్న యంత్రమైతే, ఎక్స్‌పోజరు అయ్యాక కన్సోలు చూపించే ఎంఏఎస్ రాయాలి, ముందు పెట్టింది కాదు. పాత యంత్రం ఎంఏ, సెకన్లు మాత్రమే చూపిస్తే రెండింటినీ గుణించుకోండి.

రద్దీలో మందం కొలవడం కుదరదంటారు. నిజమే, పొద్దున్న పదకొండింటికి బయట ఇరవై మంది కూర్చుని ఉంటే ఎవరికి ఓపిక? అప్పుడు బరువు, ఎత్తు రాసుకుని తరవాత లెక్క కట్టండి. బరువును గ్రాముల్లోకి మార్చి, ఎత్తు సెంటీమీటర్లతోనూ 3.14తోనూ భాగించి, వర్గమూలం తీసి, రెండుతో గుణించండి. 60 కిలోలు, 160 సెంటీమీటర్ల మనిషికి దాదాపు 22 సెంటీమీటర్లు వస్తుంది. మొండెం ఏపీ, పీఏ చిత్రాలకు ఇది పనికొస్తుంది. లాటరల్‌కు పనికిరాదు, దానికి కొలవాల్సిందే.

పిల్లలను ఈ ఇరవైలో కలపకండి. వాళ్లకు బరువును బట్టి వేరే గుంపులు కట్టాలి: 5 కిలోల లోపు, 5 నుంచి 15, 15 నుంచి 30, 30 నుంచి 50.

5. లెక్క కట్టండి

ముందు ఫోకస్ నుంచి చర్మానికి దూరం తేల్చాలి. ఫోకస్ నుంచి డిటెక్టరుకు ఉన్న దూరంలోంచి రోగి మందాన్ని, టేబుల్ కింద ఖాళీని తీసేయండి.

తరవాత:

చర్మం మీది డోసు = ఉత్పత్తి × ఎంఏఎస్ × (100 ÷ చర్మానికి దూరం) వర్గం × 1.35

చివరి 1.35 శరీరం నుంచి వెనక్కి చెదిరి వచ్చే కిరణాల వాటా. కిరణం నాణ్యతను బట్టి, పరుచుకున్న వైశాల్యాన్ని బట్టి ఇది 1.25 నుంచి 1.5 వరకు మారుతుంది. పట్టికలు చూసి ఖచ్చితంగా వేయవచ్చు కానీ, మొండెం పరీక్షలకు 1.35 తీసుకుంటే తప్పు పది శాతం దాటదు. చేతివేళ్లకు, మణికట్టుకు దీన్ని వాడకండి.

నడుము ఏపీ ఉదాహరణ. 75 కేవీ, 40 ఎంఏఎస్, డిటెక్టరుకు దూరం 100, రోగి మందం 20, టేబుల్ ఖాళీ 6. చర్మానికి దూరం 74 సెంటీమీటర్లు. 75 కేవీ దగ్గర ఉత్పత్తి 0.055 అనుకుందాం. 0.055ను 40తో గుణిస్తే 2.2. 100ను 74తో భాగించి వర్గం చేస్తే 1.83. రెండూ గుణిస్తే 4.0. దాన్ని 1.35తో గుణిస్తే 5.4 మిల్లీగ్రేలు.

ఛాతీ పీఏ. 70 కేవీ, 6 ఎంఏఎస్, దూరం 180, మందం 22, ఖాళీ 4. చర్మానికి దూరం 154. 0.048 × 6 = 0.288. దూరం వల్ల 0.42 వంతు అవుతుంది, అంటే 0.12. 1.35తో గుణిస్తే 0.16 మిల్లీగ్రేలు.

ఇప్పుడు నేను మొదట్లో అన్న దూరం సంగతి చూడండి. నడుము లెక్కలో 74కు బదులు 100 వేసేశారనుకోండి. 5.4 రావాల్సింది 3.0 వస్తుంది. దాదాపు సగం మాయం. ఒక సెంటర్‌లో ఏడాదిగా ఇదే లెక్క నడిచింది. మా డోసులు ఊళ్లోకెల్లా తక్కువని గోడకు ప్రింటు కూడా అంటించుకున్నారు. టేబుల్ ఖాళీ కొలిచి చూపించాక ఆ కాగితం చప్పుడు చేయకుండా దిగిపోయింది.

అపార్ట్‌మెంటు ఫ్లాటును సెంటర్‌గా మార్చినచోట ఛాతీ గదిలో 180 సెంటీమీటర్లు దొరకవు, 130 దగ్గరే తీసేస్తారు. తప్పు అనను, గది అంతే. కానీ పుస్తకంలో అలవాటుగా 180 అని రాయకండి.

6. యంత్రంలోనే డీఏపీ మీటరు ఉంటే

పని సులువే, ప్రమాణాల గోల ఒక్కటే తలనొప్పి. ఒక కంపెనీ మైక్రోగ్రే చదరపు మీటర్లలో చూపిస్తుంది, ఇంకొకటి మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లలో. చిత్రంతో పాటు డైకామ్ (వైద్య చిత్రాలు దాచే కంప్యూటర్ ఫార్మాట్) ఫైల్‌లోకి వెళ్లే అంకె డెసీగ్రే చదరపు సెంటీమీటర్లలో ఉంటుంది. ఈ మూడు గుర్తుంచుకోండి:

- 1 మైక్రోగ్రే చదరపు మీటరు = 10 మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లు
- 1 డెసీగ్రే చదరపు సెంటీమీటరు = 100 మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లు
- 1 గ్రే చదరపు సెంటీమీటరు = 1000 మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లు

మీటరు నిజం చెబుతోందో లేదో ఐదో అంకంలోని లెక్కతోనే పట్టుకోవచ్చు. పై నడుము రోగికి 1.35తో గుణించకముందు అంకె 4.0. కాలిమేటరు డిటెక్టరు దగ్గర 18×38 సెంటీమీటర్లకు తెరిస్తే, 74 సెంటీమీటర్ల దగ్గర చర్మం మీద వైశాల్యం 375 చదరపు సెంటీమీటర్లు. 4.0 × 375 = 1500. అంటే మీటరు 1500 మిల్లీగ్రే చదరపు సెంటీమీటర్లు, లేదా 150 మైక్రోగ్రే చదరపు మీటర్లు చూపించాలి. పాతిక శాతం అటూ ఇటూ ఉంటే సరే. రెండు రెట్లు తేడా ఉంటే మీటరు క్యాలిబ్రేషన్ చేయించండి. సరిగ్గా పది రెట్లో వంద రెట్లో తేడా ఉంటే మీటరును తిట్టకండి, ప్రమాణం తప్పు చదివారు.

కొన్ని కొత్త యంత్రాల్లో డీఏపీ కొలిచే చాంబరే ఉండదు. కేవీ, ఎంఏఎస్, తలుపుల స్థానం చూసి కంప్యూటర్ డీఏపీని లెక్కగట్టి చూపిస్తుంది. ఫర్వాలేదు, కానీ ట్యూబు మార్చాక ఆ లెక్కను మళ్లీ సరిచేశారా అని సర్వీసు ఇంజనీరును అడగండి.

7. టీఎల్‌డీ చిప్పులతో కొలవాలనుకుంటే

టీఎల్‌డీ అంటే పడిన కిరణాల గుర్తును దాచుకుని, తరవాత వేడి చేస్తే వెలుగుగా చూపించే చిన్న స్ఫటికం. పరిశోధన చేసే విద్యార్థులు దీన్ని ఇష్టపడతారు. రోజువారీ పనికి నేను సిఫారసు చేయను. చిప్పును రోగి చర్మం మీద కిరణం మధ్యలో అంటిస్తే వెనక్కి చెదిరిన కిరణాలతో కలిపి అదే కొలుస్తుంది. కాబట్టి 1.35తో మళ్లీ గుణించకూడదు. ఆటోమేటిక్ కంట్రోల్ సెన్సరు మీద నీడ పడేలా పెట్టకూడదు. ఒక చిప్పుల జతను కిరణానికి దూరంగా ఉంచి, దాని రీడింగును తీసివేయాలి. ఛాతీ పీఏ డోసు చాలా తక్కువ, మామూలు లిథియం ఫ్లోరైడ్ చిప్పు అక్కడ తడబడుతుంది. ఒక రోగికి ఒకే ఎక్స్‌పోజరు, చిప్పు కోసం రెండోసారి కొట్టడమనే మాటే ఉండకూడదు. రోగికి ముందే చెప్పి ఒప్పుకుంటేనే అంటించాలి.

మీరు ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జీ కూడా టీఎల్‌డీయే కదా అని దాన్ని రోగి కింద పెట్టే మహానుభావులు ఉన్నారు. దయచేసి వద్దు. అది మీ డోసు కోసం. మూడు నెలల తరవాత మీ పేరు మీద భయంకరమైన అంకె వస్తుంది, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే.

8. మధ్యగతం తీసి పోల్చండి

ఇరవై అంకెలను చిన్నది నుంచి పెద్దదానికి వరుసగా పేర్చండి. పదోదానికీ పదకొండోదానికీ సగటు తీస్తే మధ్యగతం. మొత్తం సగటు వాడకండి. నూట పది కిలోల మనిషి ఒక్కరు వస్తే సగటు ఎగిరిపోతుంది, మధ్యగతం చలించదు. బరువులు మరీ అటూ ఇటూ ఉంటే 50 నుంచి 70 కిలోల వాళ్లను మాత్రమే తీసుకోండి.

దేనితో పోల్చాలి? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1996 ప్రమాణాల్లో ఫిల్ము కాలం నాటి మార్గదర్శక స్థాయిలు ఇచ్చింది: ఛాతీ పీఏకు 0.4, నడుము ఏపీకి 10, నడుము లాటరల్‌కు 30 మిల్లీగ్రేలు. బ్రిటన్ 2010 సమీక్షలో అవే 0.15, 5.7, 10. డిజిటల్ యంత్రం పెట్టుకుని 1996 అంకెల కంటే తక్కువే ఉన్నామని సంబరపడకండి, అది చాలా వెనకటి గీత. రెండో వరుస దగ్గరకు రావడానికి చూడండి.

ఇవి రోగికి విధించిన హద్దులు కావు. భారీ మనిషికి ఎక్కువ డోసు కావాలి, ఇవ్వాలి. మీ మధ్యగతమే గీత దాటితే కారణం వెతకాలి.

వెతికే వరుస ఇది. మొదట కేవీ మరీ తక్కువ, ఎంఏఎస్ మరీ ఎక్కువ వాడుతున్నారా? కేవీని 15 శాతం పెంచి ఎంఏఎస్‌ను సగం చేస్తే డిటెక్టరుకు ఇంచుమించు అంతే అందుతుంది, చర్మం మీది డోసు మాత్రం మూడో వంతు తగ్గుతుంది. చిత్రం రేడియాలజిస్టుకు చూపించి ఒప్పించాకే చార్టు మార్చండి. తరవాత ఫిల్టరు: సర్వీసు చేసినప్పుడు అల్యూమినియం రేకు తీసి తిరిగి పెట్టడం మరిచారేమో. ఆపైన గ్రిడ్డు: సన్నటి పిల్లలకూ గ్రిడ్డు పెట్టే తీస్తున్నారా, లేదా 100 సెంటీమీటర్ల గ్రిడ్డును 180 దగ్గర వాడుతున్నారా?

డోసు మరీ తక్కువ వచ్చినా అనుమానించండి. ఛాతీకి 0.03 వస్తే అభినందనలు చెప్పుకునే ముందు దశాంశ బిందువు చూసుకోండి, ఆ తరవాత చిత్రంలో గరుకుదనం చూడండి.

పదేపదే కనిపించే మరికొన్ని తప్పులు

ఎక్స్‌పోజరు ఇండెక్స్‌ను డోసు అనుకోవడం. చిత్రం పక్కన వచ్చే ఆ అంకె డిటెక్టరుకు ఎంత అందిందో చెబుతుంది, రోగికి ఎంత పడిందో కాదు. లావుపాటి రోగికీ సన్నటి రోగికీ ఇండెక్స్ ఒకటే ఉండవచ్చు, చర్మం మీది డోసు నాలుగు రెట్లు తేడా ఉండవచ్చు. అయితే దాని పక్కనే ఉండే డీఐ అంకె మీద కన్నేసి ఉంచండి. అది 3 అయితే కావలసినదానికి రెట్టింపు ఇస్తున్నట్టు, మైనస్ 3 అయితే సగమే ఇస్తున్నట్టు. డిజిటల్‌లో ఎక్కువ ఇస్తే చిత్రం నల్లబడదు, ఇంకా అందంగా వస్తుంది. అందుకే నెలనెలా ఎంఏఎస్ మెల్లగా పైకి పాకుతుంది, ఎవరూ గమనించరు.

రిపీట్లను లెక్కలో కలిపేయడం. మధ్యగతానికి ఒక్కో ఎక్స్‌పోజరునే తీసుకోండి. రిపీట్లు ఎన్నో వేరే పేజీలో రాయండి, కారణంతో సహా. దాచేస్తే మీకే నష్టం.

మిల్లీగ్రేను మిల్లీసీవర్ట్‌గా రాసేయడం. ఒక రిపోర్టులో నడుము ఏపీకి 5 మిల్లీసీవర్ట్‌లు అని చూశాను. అది చర్మం మీది మిల్లీగ్రేల అంకె. ఒళ్లంతటికీ అన్వయించే మిల్లీసీవర్ట్ విలువ నడుము ఏపీకి సుమారు దానిలో పదో వంతే. ఈ నిష్పత్తి పరీక్షను బట్టి మారుతుంది కాబట్టి రోగి చీటీ మీద మిల్లీసీవర్ట్ రాయకండి. నోటితో అడిగితే ఛాతీ పీఏ గురించి ఇలా చెప్పవచ్చు: "సుమారు 0.02 మిల్లీసీవర్ట్‌లమ్మా. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 పడుతూనే ఉంటుంది. అంటే ఇది మూడు రోజుల వాటా." చాలామందికి ఆ మాట చాలు.

మళ్లీ ఎప్పుడు కొలవాలి?

ఉత్పత్తిని ఏడాదికోసారి, ట్యూబు మార్చినా, కాలిమేటరు విప్పినా, జనరేటరు మరమ్మతు జరిగినా ఆ వారంలోనే. మధ్యలో అనుమానం వస్తే మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో 20 సెంటీమీటర్ల లోతున నీళ్లు నింపి, టేబుల్ మీద పాలిథిన్ పరచి దాని మీద పెట్టి, ఆటోమేటిక్ కంట్రోల్‌తో ఒకటి కొట్టి ఎంఏఎస్ చూడండి. మొదటి రోజు రాసుకున్న అంకెకూ దీనికీ పాతిక శాతం దాటి తేడా ఉంటే ఏదో కదిలింది. డబ్బా అదే ఉండాలి, కేవీ అదే ఉండాలి, దూరం అదే ఉండాలి. నీళ్లు బక్కీలోకి కారితే మాత్రం నన్ను తలుచుకోవద్దు.

ఇక అందరూ భయపడుతూ అడిగే ప్రశ్న: "నడుము ఎక్స్‌రే తీశాం, తరవాత ఆమె గర్భవతి అని తెలిసింది, ఏం చెప్పాలి?" మీరుగా ఏ అంకే చెప్పకండి, ఏమీ కాదనీ అనకండి, గర్భం తీయించుకోమనీ అనకండి. పుస్తకంలో ఆ తేదీ వరుస తీసి, ఎన్ని చిత్రాలు తీశారో, రిపీట్లతో సహా, ఒక్కోదానికి కేవీ, ఎంఏఎస్, దూరం, మందం, కాలిమేటరు కొలతలు, దానితో పాటు మీ ఉత్పత్తి పట్టిక ఫోటో, ఇవన్నీ మెడికల్ ఫిజిసిస్టుకు పంపండి. గర్భస్థ శిశువు డోసు ఆయన కట్టి డాక్టరుకు చెబుతారు. వరుసలో ఏ గడి అయినా ఖాళీగా ఉంటే గుర్తున్నంతలో ఊహించి నింపకుండా, ఖాళీ అనే రాసి పంపండి.